కుంచెను ఏ బజారుకు తీసుకెళ్ళాలి?

ఆ రోజు ఇషా నమాజు అయ్యాక మస్జిదులో జనం పల్చబడ్డారు. ఒక యువకుడు మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో ఒక ఫైలు ఉంది. నేను తస్బీహ్ ముగించే దాకా ఓపికగా ఆగి, దగ్గరకు వచ్చి సలాం చేశాడు.

"మౌలానా సాబ్, ఐదు నిమిషాలు కావాలి. మస్‌అలా అడగడానికి రాలేదు. సలహా అడగడానికి వచ్చాను" అన్నాడు.

ఫైలు తెరిచాడు. లోపల అతను గీసిన బొమ్మలు ఉన్నాయి. తీగలు, ఆకులు, ఒక పాత ఇంటి మెహరాబు, అత్తరు సీసా, విడదీసిన కుట్టుమిషను భాగాలు, మనిషి గుండె. చేతిలో పనితనం ఉన్నదని నాలాంటి తెలియనివాడికి కూడా అర్థమవుతోంది. తండ్రి దర్జీ. చూపు మందగించి ఏడాదిగా దుకాణం మూసేశారు. చెల్లెలి పెళ్ళి కుదిరింది. ఇంటి కిరాయి ఇతని మీదే పడింది.

అతనికి మూడు చోట్ల పని దొరుకుతోంది. మొదటిది ఫోనులో ఆడే పేకాటకు బొమ్మలు గీసే కంపెనీ. నెల జీతం, అదీ మంచి జీతం. రెండవది తినుబండారాలు, పళ్ళరసాల ప్యాకెట్ల మీద బొమ్మలు వేయడం. బొమ్మకు ఇంత అని ఇస్తారు. మూడవది పాఠ్యపుస్తకాల ప్రచురణకర్త దగ్గర. సైన్సు పాఠాలకు పటాలు గీయాలి. డబ్బులు తక్కువ, అవీ ఆలస్యంగా వస్తాయి.

"ఏదో ఒక రంగాన్ని పట్టుకుని అందులోనే నిలబడమని మా ఉస్తాదులు చెబుతున్నారు. అన్నీ గీసేవాడికి పేరూ రాదు, రేటూ రాదంటున్నారు. ఒకసారి ఒక దారిలో పడితే మళ్ళీ మారడం కష్టం. నా చేతిని ఏ బజారుకు తీసుకెళ్ళమంటారు?"

ఇది చూడడానికి వ్యాపార ప్రశ్న. కాస్త ఆలోచిస్తే ధార్మిక ప్రశ్న. మన ఇళ్ళలో బొమ్మలు గీసే చేతులు, డిజైన్లు చేసే కంప్యూటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. కనుక ఆ యువకునికి నేను చెప్పింది, చెబుతూ నేను నేర్చుకున్నది పాఠకుల ముందు పెడుతున్నాను.

ఒక్క మాటలో చెప్పిన జవాబు

ముందుగా నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. దాదాపు పదేళ్ళ క్రితం, మదరసా నుంచి ఫారిగ్ అయిన కొత్తలో, ఇలాగే ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. సైన్‌బోర్డులు రాసేవాడు, బొమ్మలు వేసేవాడు. "నా సంపాదన హలాలేనా?" అని అడిగాడు. "బొమ్మలు గీయడం హరాం, మానేయి" అని చెప్పి లేచిపోయాను. అతను ఏ బొమ్మలు గీస్తాడో, ఎవరి కోసం గీస్తాడో, ఇంట్లో తినేవాళ్ళు ఎందరో ఏదీ అడగలేదు.

రెండేళ్ళ తర్వాత అతను ఒక సారా దుకాణం బోర్డు రాస్తూ కనిపించాడు. నేను నిలబడిపోయాను. అతను నిచ్చెన దిగి వచ్చి, కోపం లేకుండానే అన్నాడు: "మౌలానా సాబ్, ఆ రోజు మీరు మొత్తం హరాం అన్నారు. నాకు మరో పని రాదు. ఎలాగూ అంతా హరామే అయినప్పుడు స్కూలు బోర్డు అయితే ఏమిటి, సారా బోర్డు అయితే ఏమిటి అనుకున్నాను."

ఆ మాట నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. తలుపు మూయడం నాకు తెలుసు గానీ, పక్కన తెరిచి ఉన్న తలుపును చూపించడం తెలియలేదు. మంచిచెడుల మధ్య ఉన్న తేడానే నేను అతని కళ్ళ ముందు నుంచి తుడిచేశాను.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపిన దారి

నేను అప్పుడు మరచిపోయిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఒక వ్యక్తి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి, తన జీవనోపాధి తన చేతి పని మీదనే ఉందనీ, తాను బొమ్మలు చేస్తాననీ చెప్పుకున్నాడు. ఆయన తన సొంత మాట చెప్పలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నుంచి తాను విన్న హెచ్చరికనే వినిపించారు. బొమ్మను చేసినవాణ్ణి అందులో ప్రాణం పోసేదాకా శిక్షించడం జరుగుతుంది, అతను ఎన్నటికీ పోయలేడు అన్నది ఆ హెచ్చరిక సారం. అది విన్న ఆ వ్యక్తికి ఊపిరి ఆడలేదు, ముఖం పాలిపోయింది.

హదీసు అక్కడితో ముగియలేదు. అతని పాలిపోయిన ముఖాన్ని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూశారు. ఈ పని చేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని చెప్పారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన హద్దును దాచలేదు, మెత్తబరచలేదు. కానీ ఆ మనిషి చేతిలోని పనిని కూడా లాక్కోలేదు. ఆ చేతిని మరో బజారు వైపు తిప్పారు. ఒక కళాకారునికి ఏ రంగాన్ని ఎంచుకోవాలో చెప్పిన సలహా ఇది, పధ్నాలుగు వందల ఏళ్ళ నాటిది.

ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల మధ్య వివరాల్లో తేడాలున్నాయి. నీడ పడే విగ్రహాల నిషేధం మీద దాదాపు అందరూ ఒకటే. కాగితం మీద, బట్ట మీద గీసే బొమ్మల గురించి, ముఖం లేని బొమ్మల గురించి, పిల్లల ఆటబొమ్మల గురించి, చదువుకు, వైద్యానికి అవసరమయ్యే చిత్రాల గురించి, నేటి కంప్యూటరు బొమ్మల గురించి వేర్వేరు అభిప్రాయాలున్నాయి. మన ప్రాంతంలోని హనఫీ ఉలమాలు చాలామంది జాగ్రత్త వైపే మొగ్గుతారు. మీరు నమ్మే ఆలింను అడిగి దాని మీద నిలబడండి. నచ్చిన జవాబు దొరికేదాకా ముఫ్తీలను మారుస్తూ పోవడం మాత్రం దీన్ కాదు.

అయితే చాలామంది ఈ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఏ వస్తువును గీస్తున్నాను అన్నది మాత్రమే చూస్తారు. ఆ బొమ్మ ఏ పని చేయబోతోంది అన్నది రెండవ ప్రశ్న. పేకాట యాప్‌లో ఒక్క ప్రాణి బొమ్మ కూడా లేకపోవచ్చు. పువ్వులూ, నాణేలూ, మెరిసే బొత్తాలే ఉండవచ్చు. అంతమాత్రాన అది హలాల్ అవుతుందా?

వడ్డీ పత్రం రాసిన లేఖరి

"నేను గీసి ఇస్తాను. వాళ్ళు దాన్ని దేనికి వాడుకుంటారో వాళ్ళ ఇష్టం. పాపం వాళ్ళదే కదా?" ఇది ఈ రంగంలో ఎక్కువగా వినిపించే వాదన. ఆ యువకుడు కూడా ఇదే అడిగాడు.

సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. దైవప్రవక్త (స) వడ్డీ తినేవానితో పాటు ఇచ్చేవాణ్ణి, ఆ పత్రం రాసేవాణ్ణి, దాని సాక్షులిద్దరినీ శపించారు. పాపంలో వీరంతా సమానులేనని తెలియజేశారు. ఆ పత్రం రాసే లేఖరి గురించి ఆలోచించండి. అతను వడ్డీ తీసుకోలేదు, ఇవ్వలేదు. అతని జేబులో పడింది రాసినందుకు కూలి మాత్రమే. అతని అక్షరాలు అందంగా కూడా ఉండి ఉండవచ్చు. అయినా అతని చేయి ఆ వ్యవహారం నుంచి వేరు కాలేదు. అది లేకుండా ఆ వ్యవహారం నడవదు గనుక.

మద్యం విషయంలోనూ అంతే. ద్రాక్షను పిండేవాడు, పిండించేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ సొమ్ము తినేవాడు, ఇలా పది మందిని హదీసులో లెక్కపెట్టడం జరిగింది. తాగినవాడు అందులో ఒకడు మాత్రమే.

ఫోనులో జూదం ఆడేవాణ్ణి ఎవరూ చేయి పట్టుకుని లాక్కెళ్ళరు. అతణ్ణి లాగేది మెరిసే నాణెం బొమ్మ. ఓడిపోయిన ప్రతిసారీ "ఇంకొక్కసారి" అని పిలిచే రంగురంగుల బొత్తాం. ఆ నాణెం మెరుపును ఎవరో ఒక చిత్రకారుడు కూర్చుని, చెరిపి, మళ్ళీ గీసి తయారు చేశాడు. జూదం ఆ బొమ్మ ద్వారానే ఇంట్లోకి వస్తుంది. ఈ ఆటల వల్ల జీతాలు, పొలాలు, ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాల కథలు మనం వింటూనే ఉన్నాము. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ ఇలాంటి ఆటల మీద చట్టాలు వచ్చాయి. 2025లో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఆలస్యంగా చెప్పినదాన్ని దివ్య ఖుర్ఆన్ ముందే చెప్పింది. జూదం షైతాను పనులలోనిదనీ, దానికి దూరంగా ఉండమనీ మాయిదా సూరా ఆదేశిస్తోంది.

కనుక మొదటి పని గురించి నాకు సందేహం లేదు. ఆ యువకునికీ లోలోపల సందేహం లేదు. జీతం ఎక్కువగా ఉండటం వల్ల అతని మనసు సందేహాన్ని వెతుక్కుంటోంది, అంతే.

పైన పొడి గింజలు, లోపల తడి గింజలు

రెండవ పని అంత సులువుగా తేలేది కాదు. ప్యాకెట్ మీద బొమ్మ వేయడం తప్పు కాదు. మిరపపొడి, తేనె, అత్తరు, పచ్చడి, ఏదైనా అందంగా కనిపించాలని అమ్మేవాడు కోరుకోవడంలో దోషం లేదు. కానీ ఇక్కడ ఒక పరీక్ష ఉంది.

మహాప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశి పక్కగా వెళ్తూ అందులో చేయి పెట్టారు. లోపల వేళ్ళకు తడి తగిలింది. అడిగితే, వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు.

ఇప్పుడు ఒక పళ్ళరసం డబ్బా ఊహించుకోండి. దాని మీద మంచు బిందువులతో నిగనిగలాడే మామిడిపండ్లు. లోపల ఉన్నది ఎక్కువగా నీళ్ళు, చక్కెర, కొంచెం గుజ్జు. ఆ బొమ్మే పైన పోసిన పొడి గింజలు. ఈ తేడా ఎంత పెద్దదంటే, కొన్ని రసాల డబ్బాల మీద నూటికి నూరు శాతం పండ్లరసం అని రాసుకోవడాన్ని తీసేయాలని మన దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024లో ఆదేశించవలసి వచ్చింది. మాటలను చట్టం పట్టుకోగలదు. బొమ్మ అబద్ధమాడితే పట్టుకోవడం కష్టం. బొమ్మ ఏదీ అనదు, అనిపిస్తుంది అంతే. అందుకే అక్కడ చట్టం కన్నా చిత్రకారుని తఖ్వాయే ఎక్కువ కాపలా కాయాలి.

"నువ్వు ఈ పని చేయవచ్చు. కానీ గీసే ముందు, లోపల ఏముందో అడుగు. చెప్పనివాడి ప్యాకెట్ గీయకు" అన్నాను.

అతను నవ్వాడు. "అలా అడిగితే నాకు ఆర్డరే ఇవ్వరు, మౌలానా సాబ్."

"అయితే ఆ బజారు ఎలాంటిదో నీకు నువ్వే జవాబు చెప్పుకున్నావు" అన్నాను.

బజారు చేతిని మలుస్తుంది

ఉస్తాదులు ఒకే రంగంలో నిలబడమని చెప్పడంలో గొప్ప వివేకం ఉంది. మనం బజారును ఎంచుకుంటామని అనుకుంటాము. కొన్నేళ్ళకు బజారే మన చేతిని, చివరకు మన కంటిని కూడా మలుస్తుంది.

మన కలంకారీనే చూడండి. ఆ పేరులోని కలం, కారీ రెండూ మన పెద్దలకు పరిచయమైన ఫార్సీ మాటలే. కృష్ణా తీరాన మచిలీపట్నం, పెడన పనివారు గోల్కొండ దర్బారుకూ ఇరాన్ వర్తకులకూ బట్టలు అందించారు. ఆ కొనుగోలుదారుల అభిరుచిని బట్టి అక్కడ తీగలు, పూలు, చెట్లు, మెహరాబులు పెరిగాయి. చెక్క అచ్చుల పనితనం వృద్ధి చెందింది. శ్రీకాళహస్తి పనివారు దేవాలయాలకు గీశారు. అక్కడ కలంతో పురాణ కథల బొమ్మలు గీసే నేర్పు పెరిగింది. రాష్ట్రం ఒకటే, పేరు ఒకటే, సహజ రంగులూ దాదాపు అవే. కొనేవాడు వేరు కావడంతో చేతులు వేరయ్యాయి. తరాలు గడిచాక అదే వారి గుర్తింపయింది. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు నేడు రెండు వేర్వేరు భౌగోళిక గుర్తింపులు గల కళలు.

పదేళ్ళు జూదం నాణేలు గీసినవాడి కన్ను, మనిషి బలహీనత ఎక్కడుందో వెతకడం నేర్చుకుంటుంది. పదేళ్ళు గుండె, మూత్రపిండాల పటాలు గీసినవాడి కన్ను, ఒక పిల్లవాడికి విషయం ఎక్కడ అర్థం కావడం లేదో వెతకడం నేర్చుకుంటుంది. ఇద్దరికీ చేతి నేర్పు సమానమే. ప్రళయ దినాన తెరుచుకునే కర్మల పత్రాలు మాత్రం సమానం కావు.

హలాల్ స్పష్టంగా ఉంది, హరాం స్పష్టంగా ఉంది, రెండింటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని హదీసు బోధిస్తుంది. అందులోనే ఒక పశువుల కాపరి పోలిక ఉంది. నిషిద్ధమైన మేతభూమి అంచున మేపేవాడి పశువులు ఏదో ఒక రోజు లోపలికి దూరుతాయి. ఒక రంగాన్ని ఎంచుకోవడమంటే మన గుడారం ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవడమే. రోజూ అంచున నిలబడి, రోజూ మనసుతో కుస్తీ పడే చోట వేయకండి. ఎక్కువ ఆర్డర్లు నిశ్చింతగా తీసుకోగలిగేంత లోపల వేయండి.

ఆ లోపలి భూమి ఇరుకైనది కాదు. 1154లో అల్ ఇద్రీసీ సిసిలీ రాజు కోసం ప్రపంచ పటం సిద్ధం చేశాడు. 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో, చూసి తయారు చేసుకోగలిగేలా పటాలు పొందుపరిచాడు. ముస్లిముల చేతులు గీసిన పటాల నుంచి లోకం నేర్చుకున్న కాలమది. నేడు కూడా పాఠ్యపుస్తకాలు, వైద్య పటాలు, రైతుల కరపత్రాలు, యంత్రాల వాడకం పుస్తకాలు, ఇళ్ళ నమూనాలు, బట్టల మీద డిజైన్లు, అందమైన ఖతాతీ, శుభలేఖలు ఇలా తలుపులు చాలా ఉన్నాయి.

బజారు మూతపడితే?

"ఒకే రంగాన్ని నమ్ముకుని అది మూతపడితే?" అన్నాడు ఆ అబ్బాయి. ఆ భయం నాకు తెలుసు. మా మామూ ఛత్తా బజార్‌లో కాతిబ్. పెళ్ళి కార్డులు, పోస్టర్లు చేత్తో రాసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది, 1990లలో ఇన్‌పేజ్ వచ్చింది. కంప్యూటరు ఉర్దూ రాయడం మొదలుపెట్టాక ఆయన ముందు వరుస కట్టేవారు మాయమయ్యారు. ఇప్పుడు చిత్రకారులకు అదే గడియ వచ్చింది. మాటలతో చెబితే బొమ్మ గీసిచ్చే ప్రోగ్రాములు 2022 నుంచి అందరి చేతుల్లోకీ వచ్చాయి.

మామూ కొన్నాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత మస్జిదు గోడల మీద రాతలు, కత్బాలు, ఇళ్ళలో పెట్టుకునే తుగ్రాలు రాయడం మొదలుపెట్టారు. ఆ రాతలో నుక్తా తప్పు పోతే అర్థమే మారిపోతుంది. అలాంటి చోట "దీనికి నేను పూచీ" అని చెప్పగల మనిషి కావాలి. వైద్య పటమైనా, పాఠ్యపుస్తకమైనా అంతే. యంత్రం బొమ్మ ఇస్తుంది, పూచీ ఇవ్వదు. పూచీ అంటే అమానత్. అమానత్‌దారుకు విలువ ఉండే బజారును వెతుక్కోమని చెప్పాను.

ఇంటి కిరాయి సంగతి

ఇవన్నీ విన్నాక అతను మెల్లగా అడిగాడు: "మరి కిరాయి?"

ఈ ప్రశ్నను దాటవేసే హక్కు మనకు లేదు. గత్యంతరం లేని స్థితిలో షరీఅత్ వెసులుబాటు ఇస్తుంది, అదీ అవసరం మేరకే. అయితే తక్కువ జీతం వేరు, గత్యంతరం లేకపోవడం వేరు. హలాల్ పని చేతిలో ఉండగా, ఎక్కువ డబ్బు కోసం జూదం వైపు వెళ్ళడానికి పేదరికం సాకు కాదు. అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగినవానికి ఆయన దారి చూపుతాడనీ, ఊహించని చోటు నుంచి ఉపాధి కల్పిస్తాడనీ తలాఖ్ సూరా వాగ్దానం చేస్తోంది.

కానీ ఈ వాగ్దానాన్ని ఆ యువకునికి వినిపించి మనం చేతులు దులుపుకోరాదు. మనలోని లోపాన్ని కూడా చూసుకోవాలి. మన జల్సాల పోస్టరు, మన మదరసా పుస్తకం అట్ట, మన ఇంటి శుభలేఖ ఇలాంటి కుర్రాళ్ళతోనే చేయించుకుంటాము. డబ్బు అడిగితే "సవాబ్ వస్తుంది బేటా" అంటాము. నేనూ అన్నాను. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధనను మింబర్ మీద చెప్పేది మనమే. హలాల్ బజారులో కూలి ఎగ్గొట్టి, హరాం బజారుకు వెళ్ళావేమని నిలదీసే ముఖం మనకెక్కడిది?

కనుక చిత్రకారునికి కొన్ని మాటలు. పని మొదలుకాక ముందే కూలి ఎంతో, ఎప్పుడో తేల్చుకోండి. కాగితం మీద రాసుకోండి. అప్పు వ్యవహారాలనే రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది కదా. అడ్వాన్సు అడగడానికి సిగ్గుపడకండి. మరొకరి బొమ్మను నకలు కొట్టి మీదిగా అమ్మకండి. ఒక రంగాన్ని ఎంచుకున్నాక అందులో ఇహ్సాన్ స్థాయికి చేరండి. తక్కువ రేటు వచ్చే హలాల్ రంగంలో కూడా, అందరికన్నా నిక్కచ్చిగా గీసేవాణ్ణి వెతుక్కుంటూ వస్తారు.

ఆ యువకుడు పాఠ్యపుస్తకాల పనికి వెళ్ళాడు. అద్భుతాలేవీ జరగలేదు. డబ్బు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తోంది. సాయంత్రాలు బట్టల డిజైన్లు గీస్తున్నాడు. ప్యాకెట్లవాళ్ళలో చాలామంది లోపల ఏముందని అడిగితే నవ్వారట. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకామె మాత్రం నవ్వలేదు. "వచ్చి చూసుకో నాయనా" అని జాడీ మూత తీసి చూపించిందట. ఆ లేబుల్ గీసిన రోజు తనకు హాయిగా నిద్ర పట్టిందని చెప్పాడు.

నిచ్చెన దిగి నాతో మాట్లాడిన మొదటి అబ్బాయి ఆ తర్వాత కనిపించలేదు. అతనికి చెప్పవలసిన సగం జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఈ వ్యాసం అతని కంట పడితే, అతనికి నా సలాం. చెట్ల వైపు తలుపు ఆ రోజు కూడా తెరిచే ఉంది, నేనే చూపించలేదు.

అల్లాహ్ మన చేతులను తనకు ఇష్టమైన పనులకే వినియోగించుగాక! హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! దారి అడిగినవానికి దారి చూపే జ్ఞానాన్ని, ఓర్పును మాకు అనుగ్రహించుగాక! ఆమీన్.